నాటకశాల గోడలోని నీరు

సింగరాయకొండ స్టేషనులో రైలెక్కి, దక్షిణముగ 260 కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి, చెన్నపట్నపు సెంట్రల్ స్టేషనులో దిగి, మూటాముల్లెలతో వెలుపలికి వచ్చిన మనవారి కంటికి మొట్టమొదట కనబడునవి రెండు భవనములు. ఒకటి తెల్లనిది, మరియొకటి ఎఱ్ఱనిది. తెల్లనిది రిప్పన్ భవనము, 1913లో తెరువబడిన నగరపాలక సంస్థ కార్యాలయము. దాని ప్రక్కనున్న ఎఱ్ఱ ఇటుకల కట్టడము విక్టోరియా పబ్లిక్ హాలు. హైకోర్టు వ్యాజ్యములకు పోవువారు, పెద్దాసుపత్రికి పోవువారు, చదువులకు పోవువారు దాని గోపురమువంక ఒకమారు కన్నెత్తి చూచి, వెంటనే బండి బేరములో పడిపోవుట వాడుక. అది ఒక నాటకశాల యనియు, దాని పునాదిరాయి వేసినవాడు తెలుగు రాజనియు, ఇటుకమీద ఇటుక పేర్పించినవాడు తెలుగింటి పేరుగల మేస్త్రీయనియు తెలిసినవారు స్వల్పము.

ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ మందిరపు సమగ్ర చరిత్ర కాదు. దాని గోడలకును, గోడలమీది సున్నపు గచ్చునకును, ఏటేట వచ్చు వాననీటికిని నడుమ నూరేండ్లకు పైగా సాగిన తగాదా మాత్రమే.

మన తీరమువారికి ఈ తగాదా క్రొత్తది కాదు. సింగరాయకొండకు తూర్పున కొలది మైళ్లలోనే సముద్రము. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యమునుండి వచ్చు వానగాలి నీటితోపాటు ఉప్పును గూడ మోసికొని వచ్చును. పాత మిద్దెయిండ్లలో వానలు వెనుకపట్టిన తరువాత గోడ అడుగున తెల్లని నూగువలె ఉప్పు పూయుట, ఆ పైనున్న గచ్చు బొబ్బవలె ఉబ్బుట, చేయి తాకగనే పెచ్చుగా రాలుట అందరును ఎఱిగినదే. ఇంటిలో నది ఒక చిరాకు. వందలకొలది జనము తలలెత్తి రంగస్థలమువంక చూచుచు కూర్చుండు చోట అది ప్రాణాపాయము. 1901లో తెరువబడిన లండను అపోలో థియేటరులో 2013 డిసెంబరు 19వ తేదీ రాత్రి ప్రదర్శన నడుచుచుండగా పైకప్పు గచ్చులో కొంత భాగము ప్రేక్షకులమీద కూలినది. డెబ్బదిమందికి పైగా గాయపడిరి. గచ్చును పైనున్న కొయ్యకు వ్రేలాడగట్టిన గోనెనార కట్లు కాలక్రమమున చివికినవనియు, ఎప్పుడెప్పుడో కారిన నీరు ఆ చివుకుటకు తోడ్పడినదనియు విచారణలో తేలినది. నీరు చేయు చెరుపు కంటికి కనబడుటకు చాల ముందే లోపల జరిగిపోవును. ఈ మాట జ్ఞాపకముంచుకొని చెన్నపట్నమునకు పోదము.

1882లో ఆ నగరపు ప్రముఖులు సభచేసి, తమకొక పురమందిరము కావలెనని తీర్మానించిరి. పీపుల్స్ పార్కు అను పెద్ద తోటలో కొంత నేల 99 ఏండ్ల కౌలుకు లభించినది. తిరువాన్కూరు, మైసూరు, పుదుక్కోట సంస్థానాధిపతులును, ఇతర ధనికులును చందాలిచ్చిరి. 1883 డిసెంబరు 17వ తేదీన శంకుస్థాపన చేసినవారు విజయనగర మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. ఆ సంస్థానము విద్యలకును, సంగీత సాహిత్యములకును చేసిన పోషణ తెలుగువారికి మరల చెప్పనక్కరలేదు గాని, మద్రాసు నాటకరంగమునకు గూడ తొలిరాయి ఆ చేతి చలువయే యని చెప్పవలసియున్నది. కట్టడము 1880ల చివర లేచినది. విక్టోరియా రాణి పట్టమేలిన ఏబదియేండ్ల యుత్సవము అప్పుడే వచ్చుటచే ఆమె పేరు దీనికి పెట్టిరి.

నమూనా గీచినవాడు రాబర్ట్ ఫెలోస్ చిజమ్ అను శిల్పి. విశ్వవిద్యాలయపు సెనేట్ హౌసును, తిరువనంతపురమున నేపియర్ మ్యూజియమును కట్టించినవాడు ఇతడే. మలయాళ దేశపు ఇంటికప్పులను చూచి మోహపడినవాడు గావున, ఈ హాలుకు ఇటలీ తీరున చతురస్రమైన గోపురము కట్టి, దాని తలపై తిరువాన్కూరు తీరు కప్పును టోపీవలె పెట్టినాడు. ఆ కలయిక కొందరికి రుచింపలేదు. మాకు రుచించును, అంతకంటె ముఖ్యముగ, ఆ వాలుకప్పు వానదేశమునందు పుట్టినదను సంగతి మరువరాదు. నీటిని నిలువనీయక జార్చుటకే దానికా వాలు. కట్టించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టిగారు. మద్రాసు హైకోర్టును కట్టినవారును వీరే. ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెమునందు పుట్టిన టంగుటూరి ప్రకాశంగారు బారిస్టరుగా వాదించినది ఆ హైకోర్టులోనే. ప్రకాశంగారు బాల్యమున ఒంగోలులో ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారి పంచను చేరి, నాటకముల వేషములు కట్టినవారన్నది మన జిల్లా వారందరికిని ముచ్చటయైన విషయము. ఆ నాటి మన పట్టణములలో నాటకమనగా పందిరి. 1885లో కడప మండలమున పుట్టిన సురభివారు తమ రంగస్థలమును బండ్లమీద కట్టుకొని ఊరూర తిరిగిరి. వారికి గోడయు లేదు, గోడకు పట్టు చెమ్మయు లేదు. వానవచ్చిన ఆట ఆగును, అంతే. స్థిరమైన నాటకశాల కట్టుకొన్నవారికే ఈ క్రొత్త బాధ.

విక్టోరియా హాలులో క్రింద నొకటి, మేడమీద నొకటి రెండు విశాలమైన శాలలు. ఒక్కొక్కదానిలో సుమారు 600 మంది కూర్చుండవచ్చును; తూర్పున కొయ్యతో కట్టిన గ్యాలరీలో మరి రెండువందలమంది. బళ్లారి సరసవినోదినీ సభవారు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాయకత్వమున 1891లో చెన్నపట్నము వచ్చి తెలుగు నాటకములు ఆడిరి. వానిని చూచి ముగ్ధుడైన పమ్మల్ సంబంధ ముదలియారు అను యువకుడు ఆ యేడే సుగుణ విలాస సభను స్థాపించినాడు. తమిళ నాటకరంగ చరిత్రలో పెద్ద పేరు గల ఆ సభకు బీజము తెలుగు నాటకమునందున్నదని సంబంధ ముదలియారుగారే ఒప్పుకొనిరి. ఆ సభ చిరకాలము ఈ హాలునే తన యిల్లు చేసికొన్నది. బళ్లారి రాఘవ ఆ సభవారితో కలసి నటించినవాడు. 1897 ఫిబ్రవరిలో వివేకానందస్వామి అమెరికానుండి తిరిగివచ్చి, తన కార్యప్రణాళికను వివరించిన ఉపన్యాసము ఇచ్చినది గూడ ఇచ్చటనే.

ఇందెవరికిని మైక్రోఫోను లేదు. మా వృత్తి వినికిడితో ముడిపడినది గావున ఈ సంగతి మమ్ము పదేపదే ఆలోచింపజేయుచుండును. ఆరువందల మందికి ఒక కంఠము వినబడవలెనన్న, ఆ కంఠమునకు గోడలు సాయపడవలెను. గట్టిగా, నున్నగా నున్న సున్నపు గచ్చు ధ్వనిని మ్రింగక తిరిగి పంపును. కార్నీసుల ఎత్తుపల్లములు ఆ ధ్వనిని ఒక్కచోటికే పోనీయక చెల్లాచెదరు చేయును. కొయ్య గ్యాలరీ బొంగురు ధ్వనులను కొంత పీల్చుకొనును. శాలలో ధ్వని ఎంతసేపు నిలుచునో లెక్కకట్టు శాస్త్రమునకు అమెరికాలో వాలెస్ సాబిన్ ఓనమాలు దిద్దినది 1895లో. అంతకుముందే ఈ హాలు కట్టుట ముగిసినది. కట్టినవారికి లెక్కలు లేవు, చెవులున్నవి. గచ్చు ఉబ్బి గోడనుండి విడినచోట ధ్వని మారును. పెచ్చులూడిన గోడ చూచుటకే కాదు, వినుటకు గూడ వికారమే. ఇదంతయు చెప్పుచుండగా జ్ఞాపకము వచ్చినది: చెన్నపట్నమున నగరపాలక సంస్థ రేడియో ప్రసారములను 1930 ఏప్రిల్ 1వ తేదీన ఆరంభించినది ప్రక్కనున్న రిప్పన్ భవనమునుండియే. ఆకాశవాణి మద్రాసు కేంద్రము వచ్చినది 1938లో. నోటి మాటకు గోడ సాయము అక్కరలేని కాలము ఆ విధముగ గోడ ప్రక్కనే మొదలైనది.

ఇక గచ్చు మాట. మద్రాసు గచ్చునకు దేశాంతరముల పేరుండెడిది. సెయింట్ హెలీనా ద్వీపపు గవర్నరు ఐజాక్ పైక్ అనునతడు మద్రాసులో సున్నము కలుపు విధానమును వివరించుచు వ్రాసిన లేఖ 1732లో లండను రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినది. సముద్రపు గుల్లను బట్టీలో కాల్చి, నీటితో విఱిచి, ఇసుకతో కలిపి గానుగలో నూరుదురు. బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలుపుదురు. మూడు పూతలు వేయుదురు: మొదటిది ముతక, రెండవది నాణెము, మూడవది మిక్కిలి మెత్తని గుల్లసున్నము. ఈ కడపటి పూతలో పెరుగు, నేయి, గ్రుడ్డు తెల్లసొన కలుపుదురని పాతవారు వ్రాసిరి. తరువాత నునుపురాతితో రుద్దుట. గంటలకొలది రుద్దగా గోడకు చెమటపట్టును. ఆ చెమటను మెత్తని గుడ్డతో తుడుచుచు మరల రుద్దవలెను. చివరకది చలువరాతివలె మెఱయును. పందెముకట్టి చలువరాయియే యని నమ్మినవారు గూడ నుండిరట.

ఇట్టి గచ్చులోని ముఖ్యగుణము దాని మెఱపు కాదు, దాని ఊపిరి. కాల్చిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయి యగును గాని, దానిలో సన్నని రంధ్రములు నిలిచియుండును. గోడలోనికి దిగిన నీరు ఆ రంధ్రములగుండ ఆవిరియై వెలుపలికి పోవును. వానకాలమున తడియుట, ఎండకాలమున ఆరుట, ఇది ఇటుకగోడకు సహజమైన జీవితము. తడిసినంత మాత్రమున గోడకు చేటు లేదు. తడిసినది ఆరకపోవుటయే చేటు.

ఆరనీయక చేసినది సిమెంటు. మన దేశమున సిమెంటు తయారుచేయుటకు 1904లో తొలి యత్నము జరిగినది మద్రాసులోనే; అదియు సముద్రపు గుల్లనుండియే! ఒకే గుల్ల నిన్న గచ్చు, నేడు సిమెంటు. తరువాతి దశాబ్దములలో సిమెంటు చౌక యైనది, గానుగలు మూలపడినవి. పాత కట్టడమున ఎచ్చట పెచ్చు రాలినను, అచ్చట సిమెంటు మెత్తి చేతులు కడుగుకొనుట తాపీపనిలో వాడుకయైపోయినది. మెత్తిన సంవత్సరము గోడ గట్టిగానే కనబడును. కాని సిమెంటు పూత నీటి ఆవిరిని సులభముగ బయటికి పోనీయదు. లోపలి నీరు అతుకు అంచుల వెంట దారి వెదకికొని, ప్రక్కనున్న పాత సున్నపు గచ్చులోనికి దూరును. ఆ నీటితో వచ్చిన ఉప్పు ఆ గచ్చు వెనుక స్ఫటికముగ గట్టిపడి, ఉబ్బి, మంచిగానున్న భాగమునే పెల్లగించును. ఆ క్రొత్త గాయమునకు మరల సిమెంటు. ఈ విధముగ ఏటేట మరమ్మతు పెరుగుచు, గచ్చు తఱుగుచుండును. మన ప్రాంతపు పాత యిండ్లలోను, గుడి ప్రాకారములలోను ఇదే కథ. నీటిని నిందించుట మాని, ఈ మరమ్మతులను నిందించుట న్యాయమని మా యభిప్రాయము.

కావున ఇటువంటి నాటకశాలను బాగుచేయబూనిన తెలివిగలవారు గచ్చుజోలికి మొదట పోరు. వారు మొదట కప్పెక్కుదురు. పగిలిన పెంకు, వంగిన పట్టె, ఆకులు నిండి పూడిన నీటికాలువ, చివికిన తూము గొట్టము, ఇవి నీరు వచ్చు ద్వారములు. పాత మద్రాసు మిద్దెలలో టేకు పట్టెలమీద ఇటుకలను నిలువుగ, మూలవాటముగ పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు దట్టించి, పలుచని పెంకులు పరచెడివారు. అందొక బీట పడిన నీరు పట్టెకొనవఱకు ప్రాకి, కొనను గోడలోనే కుళ్లింపగలదు. ఆ పైన రావిమొక్క. పక్షి రెట్టలో వచ్చిన గింజ కార్నీసు మీది పగులులో మొలచి, రెండేండ్లలో వ్రేలంత వేరును ఇటుకల నడుమ చొప్పించును. దానిని లాగి పీకినచో సగము కార్నీసు దానితో వచ్చును. మొదలు కోసి, వేరును చంపి, ఎండిన తరువాత వేరుపోయిన సందును పలుచని సున్నపు పాలతో నింపవలెను. రావిచెట్టును కొట్టుటకు మన పనివారు వెనుకాడుదురు. వారికి నచ్చజెప్పుట ఇంజనీరుగారి పనులలో నొకటి.

కప్పు భద్రమైన పిమ్మట సిమెంటు అతుకులను నెమ్మదిగ ఉలితో తొలగింతురు. పిమ్మట ఎదురుచూచుట. తడిసిన ఇటుకగోడ అంగుళమునకు ఒక నెల చొప్పున ఆరునని పనివారి మోటులెక్క. అడుగున్నర మందముగల గోడకు ఏడాదిన్నర పట్టునన్నమాట. మన తీరమున ఈశాన్యపు వానలు ఏటేట తప్పక వచ్చును. కప్పు కట్టకుండ గోడ ఆర్ప జూచువాడు చిల్లికుండలో నీరు నింపువానివంటివాడే, కాకున్న ఇచ్చట వ్యవహారము తలక్రిందులు. ఈ ఏడాదిన్నర నిరీక్షణయే ఎవరును ఓర్వలేనిది. ధనమిచ్చినవారు పని కనబడలేదందురు, పత్రికలవారు ఆలస్యమందురు, ప్రారంభోత్సవమునకు ముహూర్తము నిర్ణయమై పోవును. తడిగోడమీద పూసిన క్రొత్త గచ్చు ఆ ఉత్సవము నాటికి తళతళలాడి, మరుసటి సంక్రాంతికి బొబ్బలెత్తును.

గోడ ఆరుచుండగా చేయదగిన పని యొకటి కలదు. పైకివచ్చిన ఉప్పును చీపురుతో పొడిగా ఊడ్చుట, పిదప తడిపిన కాగితపు గుజ్జునో, మెత్తని బంకమట్టినో గోడకు పట్టించుట. పట్టు ఆరుచు గోడలోని ఉప్పును తనలోనికి లాగికొనును. ఎండి రాలిన పట్టును తీసి పారవేసి, మరల క్రొత్తది వేయుదురు. నీళ్లు కొట్టి కడుగుట మాత్రము తగదు. కడిగిన ఉప్పు మరల లోనికే పోవును.

ఆ తరువాత మాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము. తాపీమేస్త్రీ వ్రేలి కణుపులతో గోడను జానెడు జానెడుకు తట్టుచు పోవును. గచ్చు గోడను అంటియున్నచోట శబ్దము బిగువుగ, పొట్టిగ నుండును. విడిచినచోట డొల్ల మ్రోగును. డొల్ల మ్రోగిన పరిధిని సుద్దతో గీచును. చూడ చక్కగా నున్న పూలతీగ చుట్టు సుద్దగీత పడవచ్చును. నెఱ్ఱెలు పడిన చోట గీత పడకపోవచ్చును. కన్ను చేయు తీర్పును చెవి కొట్టివేయు వేళ అది. అపోలో థియేటరువంటి చోట్ల పైకప్పు గచ్చును వెనుకనుండి గూడ పరీక్షింపవలెనని ఆ కూలిన నాటినుండి అందరికిని తెలిసివచ్చినది. గోడమీది గచ్చునకు వెనుకవైపు లేదు. అందుచే ఈ తట్టుట తప్ప వేరు దారి లేదు.

డొల్లయైన గచ్చునంతటిని రాల్చివేయుట సులభము; మేము చూచినంతలో తొందరపాటు మరమ్మతులందు జరుగునదియు నదే. మంచిపని చేయువారు సన్నని రంధ్రములు తొలిచి, వెనుకనున్న దుమ్మును కడిగి, పలుచని సున్నపు పాలను సూదితో ఎక్కింతురు. మెత్తని అండ పెట్టి, పలకతో అదిమిపట్టి, కొన్ని దినములు ఉంచుదురు. పాతగచ్చు మరల గోడను అంటుకొనును. బొత్తిగా రాలిపోయిన చోటనే క్రొత్తది. కార్నీసు విరిగిన, మిగిలిన తునకను ఆనవాలుగ గొని, దాని అంచు వంపుల ప్రకారము రేకును కత్తిరించి, కొయ్యకు బిగించి, తడిసున్నముమీద నిడుపుగ లాగుదురు. వంపులన్నియు ఒక్క లాగుడులో తేలవు. పలుమార్లు సున్నము వేసి, పలుమార్లు లాగవలెను. పూతల నడుమ వ్యవధియుండవలెను. సున్నము రాయి యగుట నెలకు ఒక మిల్లీమీటరు లోతువఱకే జరుగునని సామాన్యముగ లెక్కింతురు. పై రంగు గూడ సున్నమే కావలెను. ప్లాస్టిక్ రంగు పూసిన, ఇంతవఱకు విడిపించిన ఊపిరిని మరల బిగబట్టినట్లే.

ఈ పనికి ఇప్పుడు గానుగలు దొరకుట అరిది. గానుగ తిప్పినవారి మనుమలు సిమెంటు పనికి పోయిరి. పాతకట్టడముల మరమ్మతులు సాగు చోట్ల క్రొత్తగ గానుగ తొట్లు కట్టించుకొని, కరక్కాయలు కొని తెచ్చి, ఎద్దులకు బదులు మరలతో నూరించి, యువకులకు పని నేర్పవలసివచ్చుచున్నది. నేర్చుకొనువారు మొదట నవ్వుదురు, బెల్లపునీటికి చీమలు పట్టునందురు. కొన్నిదినములు రుద్దిన పిమ్మట గోడకు చెమటపట్టుట కన్నులార చూచి నవ్వుట మానుదురు.

విక్టోరియా హాలు కౌలు గడువు తీరి, వ్యాజ్యములు నడచి, తలుపులు మూసియుండి, చెన్నై నగరపాలక సంస్థ చేతికి మరల వచ్చినది. చిరకాలము మూతబడిన భవనమున చెమ్మ మరింత పెరుగును. కిటికీలు తెరువనిచో గాలి ఆడదు, గాలి ఆడనిచో గోడ ఆరదు. 2023లో సుమారు 32 కోట్ల రూపాయల వ్యయమునకు అంచనాతో జీర్ణోద్ధరణము మొదలైనది. మొదలైన యేడే డిసెంబరు 3, 4 తేదీలలో మిచౌంగ్ తుపాను చెన్నపట్నమును నీట ముంచినది. ఆ తుపానే తీరము వెంబడి ఉత్తరముగ ప్రాకి, నెల్లూరు దాటి, సింగరాయకొండ ప్రక్కనుండి పోయి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరము దాటినది. మన పొగాకు, మిరప, ప్రత్తి చేలను ముంచిన మేఘమే రెండు దినములముందు ఆ ఎఱ్ఱ గోపురముమీద కురిసినది. అంతటి వాన తరువాత తడిసిన గోడకు అంగుళమునకు నెల యను లెక్క మరల మొదటి అంగుళమునుండి ఆరంభము.